ముందుచూపు తవక్కుల్‌కు విరుద్ధమా?

అల్లాహ్ రాసిపెట్టిందే జరుగుతుంది కదా, ఇంటర్ తర్వాత రాసే ప్రవేశపరీక్షకు తొమ్మిదో తరగతి నుంచే ఏర్పాట్లు చేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. భక్తితో అడిగేవారూ ఉన్నారు, బాధ్యత తప్పించుకోవడానికి అడిగేవారూ ఉన్నారు.

హిజ్రత్ సంఘటనను గమనించండి. మదీనాకు బయలుదేరబోయిన హజ్రత్ అబూబక్ర్ (రజి)ను దైవప్రవక్త (సల్లం) ఆగమన్నారు. తనకూ అనుమతి లభిస్తుందన్న ఆశ ఉందన్నారు. ప్రయాణం ఎప్పుడో తెలియదు. అయినా అబూబక్ర్ (రజి) రెండు ఒంటెలకు నాలుగు నెలలపాటు తుమ్మజాతి చెట్ల ఆకులు మేపి సిద్ధంగా ఉంచారని సహీహ్ బుఖారీలో ఉంది. దారి తెలిసిన మనిషిని కూలికి మాట్లాడుకున్నారు. అతను అప్పటికి ముస్లిం కూడా కాదు. తర్వాత సౌర్ గుహ ముందు శత్రువుల పాదాలు కనిపించినప్పుడు, ప్రవక్త (సల్లం) ఆయనకు అల్లాహ్ తోడును గుర్తుచేసి ఊరడించారు. ఆ ఏర్పాటూ, ఈ భరోసా ఒకే ప్రయాణంలోనివి. ఒంటెలను మేపకుండా గుహలోని భరోసా మాత్రం కావాలంటే ఎలా?

మన ఇళ్ళలో ఒక వింత ఉంది. ఆడపిల్ల పుట్టగానే పెళ్ళి కోసం చిట్టీలు కడతాం, బంగారం కొంటాం. ఇరవై ఏళ్ళ తర్వాతి ఖర్చుకు ఇప్పుడే కూడబెట్టడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరూ అనరు. (నికాహ్‌ను తేలిక చేయమని ధర్మం చెబుతుంటే మనం బరువు చేసుకున్నాం, అది వేరే చర్చ.) అదే అమ్మాయి బైపీసీ చదువుతానంటే మాత్రం "నసీబులో ఉంటే చూద్దాం" అంటాం. తఖ్దీర్ ఒక్క చదువు దగ్గరే, అదీ ఆడపిల్ల చదువు దగ్గరే గుర్తుకొస్తే, సోమరితనానికి ఈమాన్ అని పేరు పెట్టుకున్నట్టే.

ముందుచూపు అంటే లక్షలు పోసి కోచింగులో చేర్పించడమే అనుకోవద్దు. చాలా పనులకు ఖర్చే లేదు. పదో తరగతి అయిన కొద్ది రోజులకే ఎంపీసీయా, బైపీసీయా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. ఆ మాట తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి. బడి రికార్డులో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ', మరో కాగితంలో ఇంటిపేరు వెనక్కి. కౌన్సెలింగ్ నాడు మన పిల్లలు పడే అవస్థ ఇదే. పదో తరగతి మెమో రాకముందే ఇవి సరిచేయించండి. పుట్టిన తేదీ కూడా చూడండి. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండితేనే నీట్‌కు అర్హత. 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ వర్తించే బీసీ-ఇ కుటుంబాలు ఆ సర్టిఫికెట్టు ముందే తీసుకోవాలి. ఉర్దూ మీడియం పిల్లలకు నీట్ ప్రశ్నపత్రం ఉర్దూలోనూ ఉంటుందన్న సంగతి చెప్పాలి.

అయితే ఒంటెను మేపడం వేరు, ఒంటెనే పూజించడం వేరు. ఆరో తరగతి నుంచే పిల్లవాణ్ణి హాస్టల్లో వేసి, ఆటనూ నిద్రనూ ఫజ్ర్ నమాజునూ లాగేసుకుని, సీటు రాకపోతే ఇంట్లో ముఖం చూపించలేని స్థితికి తెచ్చేవారున్నారు. అల్లాహ్ ఇచ్చే ఉపాధికి ఆ సీటు ఒక్కటే ద్వారమా? ప్రయత్నం గురించి పిల్లలను అడగవచ్చు, ఫలితం గురించి నిలదీసే హక్కు మనకు లేదు. రెండో దారి కూడా ఇప్పుడే వారితో కూర్చుని ఆలోచించండి. తెలిసినవారిని సంప్రదించండి, ఇస్తిఖారా చేయండి. వీటన్నిటికంటే ముందు, ఏం చదవాలనుందో ఆ అమ్మాయిని అడగండి.