మెడయు మనస్సును

మెడ పట్టి, చేయి తిమ్మిరెక్కి, రాత్రులు నిద్ర లేక, మాటలు తగ్గించి మూల కూర్చున్న మనుష్యునిగూర్చి మన యిండ్లలో రెండు తీర్పులు వినవచ్చుచుండును. "ఏమున్నది, ఎముక అఱుగుదల, వయస్సు వచ్చినవారికందఱికిని గలదే" యనునది మొదటిది. "అదంతయు మనోభ్రమ, పని తప్పించుకొనుటకు మూల్గుచున్నది" యనునది రెండవది. మొదటి తీర్పు దుఃఖమును లెక్కసేయదు. రెండవది నొప్పియే లేదనును. రోగి యింటి యజమానుడైనచో మొదటిదియు, కోడలైనచో రెండవదియు తఱచుగా వెలువడుట పాఠకులు గమనించియే యుందురు. ఈ తీర్పులలోని దోషమును విచారింపవలసియున్నది. ఏలయన ఒక మనుష్యుని మాటను నమ్ముటయు నమ్మకపోవుటయు దీనిపై నాధారపడియున్నవి.

వైద్యులు స్పాండిలోసిస్ అని పిలుచు వ్యాధిలో జరుగునది తెలియరానిది కాదు. వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్ళలు ఏండ్లు గడచినకొలది తడియారి పలుచనగును. పూసల యంచులయందు ముండ్లవంటి యెముక పెరుగును. ఒక్కొక్కచో అది నరమును నొక్కును. కాని చిత్రమేమనగా, యంత్రము తీసిన పటమునకును రోగి చెప్పు నొప్పికిని తఱచు పొత్తు కుదురదు. అఱువది దాటిన యనేకుల మెడలలో అఱుగుదల స్పష్టముగా కనబడును. వారిలో పలువురకు నొప్పియే యుండదు. మఱియొకరి పటము నిర్మలముగా నుండును. ఆమె మాత్రము తల త్రిప్పలేదు. నొప్పి యెముకలో పుట్టి యెముకలోనే నిలుచునది కాదు. క్రిందినుండి నరములు వార్తను మోసికొనిపోవును. మెదడు పైనుండి వెన్నుపాము ద్వారా ఆ వార్తను అణచుచుండును. ఈ యణచుటకు తోడ్పడు సెరటోనిన్, నారడ్రినలిన్ అను ద్రవ్యములకే మనస్సుయొక్క ఉత్సాహవిషాదములతోను సంబంధము గలదు. విషాదము ముదిరినపుడు ఆ యడ్డు సడలి, చిన్న బాధయు పెద్దదై తోచును. నెలల తరబడి నొప్పి యున్నచో, నిద్ర చెడి, పని తప్పి, నలుగురితో కూర్చుండు సుఖము పోయి, విషాదము తానే వచ్చి చేరును. డ్యులాక్సెటిన్ వంటి మందును విషాదరోగమునకును కొన్ని దీర్ఘకాలపు నొప్పులకును గూడ నిచ్చుట యిందువలననే. ఏది ముందని యడుగుట విత్తు ముందా చెట్టు ముందా యని యడుగుటయే.

మన పూర్వులీ సంగతి నెఱుగనివారు కారు. దేహమును మనస్సును ఒకదాని నొకటి యనుసరించునని చరకసంహిత చెప్పినది. మన్యాస్తంభమను పేర మెడ బిగిసిపోవుటను వాతరోగములలో చేర్చినది. గీతయొక్క మొదటి యధ్యాయమునకు విషాదయోగమని పేరు. అందు అర్జునుని దుఃఖము మొదట తర్కముగా కాక, అవయవములు సడలుటగా, నోరెండుటగా, చేతినుండి గాండీవము జారుటగా కనబడును. కృష్ణుడును ముందు మందలించెను. మందలింపుతో పని జరుగలేదు. పదునేడధ్యాయముల సంభాషణ కావలసివచ్చెను. మన యిండ్లలో మందలింపుతోనే గ్రంథము ముగియుచున్నది.

నల్లగొండ సీమవారికి ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. మఱ్ఱిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతముల గ్రానైటు రాతినేలలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. చెఱువులు కుంటలు ఎండి, జనులు బోరుబావుల నాశ్రయించినకొలది ఆ ద్రవ్యము త్రాగునీటితో దేహములోనికి వచ్చినది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. 1937లో నాటి మద్రాసు రాజధానిలో ఈ వ్యాధిని వైద్యులు వర్ణించిరి. 1955లో సిద్దీఖీ యను వైద్యుడు నల్లగొండ రోగులనుగూర్చి బ్రిటిషు మెడికల్ జర్నల్ నందు వ్రాసెను. వీరి నరముల బాధలను డాక్టరు డి. రాజారెడ్డిగారు తరువాత పరిశీలించి ప్రకటించిరి.

ఇచ్చటి మెడ అఱిగిన మెడ కాదు, అతిగా పెరిగిన మెడ. ఎముక దళమై బరువెక్కును. పూసలను కట్టియుంచు బంధములు సున్నము పట్టి తామే యెముకయగును. వెన్ను అంతయు ఒకే కఱ్ఱవలె నిలుచును. ప్రక్కనుండి యెవరైన పిలిచినచో మెడ త్రిప్పలేక దేహమంతయు త్రిప్పవలెను. తలయెత్తి వేపకొమ్మను చూచుటయు దుస్సాధ్యము. కొందఱికి ఆ యెముక మెడలోని వెన్నుపామును నొక్కి కాలుసేతులు పట్టు తప్పును. తరువాత మంచినీరు వచ్చినను సున్నముగట్టిన బంధములు సడలవు.

ఇట్టి యువకుడు విషాదమున మునిగినచో అది రోగమా, న్యాయమైన ఫిర్యాదా? "మనస్సునకు మందనుట పాలకుల దోషమును రోగి నరములపై మోపుట, ముందు నీరిండు" అనువారు గలరు. వారి కోపమునకు కారణము లేకపోలేదు. పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు విధానమును 1970 దశకముననే నాగపురపు పరిశోధకులు కనిపెట్టి 'నల్లగొండ పద్ధతి' యని పేరిడిరి. ఆ పేరు ఆఫ్రికాఖండమువఱకు పోయినది. నల్లగొండ యూళ్ళలోనే పద్ధతి చాలచోట్ల నిలువలేదు. 1996 లోకసభ యెన్నికలో ఈ బాధను దేశమునకు చాటుటకై నల్లగొండనుండి 480 మంది అభ్యర్థులు నిలిచిరి. మూగదుఃఖము నామినేషను పత్రముగా మాఱిన సందర్భమిది. 2015లో చౌటుప్పలున శంకుస్థాపన జరిగిన మిషన్ భగీరథ పథకముతో నదీజలము ఇండ్లకు చేరినది. అంతవఱకైన యాలస్యమునకు వెల చెల్లించినవి ఎముకలు.

ఐనను ఆ వాదమున నొక లోపమున్నది. కారణము న్యాయమైనదైనంతమాత్రమున దుఃఖము రోగము కాకపోదు. బండి తగిలి కాలు విఱిగినవానికి, బండివాని తప్పు నిరూపించువఱకు కట్టు కట్టవలదందుమా? కట్టు కట్టినందున ఆ తప్పు మాసిపోవునా? నిద్రయు, ఆకలియు, రేపటిపై నాశయు పోయినవానికి చికిత్స యొక హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్యచట్టము దానిని స్పష్టముగా చెప్పినది. నీరు వేఱొక హక్కు. ఒకటి చూపి రెండవది ఎగవేయువారిని, వారే పక్షమువారైనను, నేను సమర్థింపజాలను.

పూర్వజన్మకర్మ యనువారితో వాదము దీర్ఘము చేయ నవసరము లేదు. కాలువనీరు త్రాగిన యూరివారి మెడలు తిరుగుచుండగా, బోరునీరు త్రాగిన యూరివారి మెడలు బిగిసినవి. కర్మ కాలువగట్టు వెంబడి నడచునా?

పాలమూరు కూలీల మెడ కథ మఱియొకటి. చుట్టబట్టపై మట్టితట్ట నెత్తుకొని, మేస్త్రీ యిచ్చిన ముందుసొమ్ము తీరువఱకు, పరదేశపు ఆనకట్టలపై పని చేసిన తరములవి. తలపై బరువులు మోయువారి మెడపూసలు త్వరగా చెడుట వైద్యు లెఱిగినదే. ముసలితల్లికడ విడిచివచ్చిన పిల్లలు, తీరని యప్పు, ఇవియు ఆ తట్టలోనివే. అట్టివాడు ఆసుపత్రికి పోయినచో నొప్పిబిళ్ళ దొరకును, "నిద్ర పట్టుచున్నదా?" యని యడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

గృహిణులకొక మాట. ఓర్పును మెచ్చుకొనుట మనవారికి మిక్కిలి యిష్టము. ఆ మెప్పు పొందిన కోడలు మఱునాడు నొప్పి యని నోరు తెఱవలేదు. మెడనొప్పితోపాటు చేతివ్రేళ్ళ పట్టు తప్పి గుండీ పెట్టుకొనలేకపోయినను, నడక తడబడినను, మూత్రము స్వాధీనము తప్పినను ఆలస్యము చేయరాదు, వెన్నుపాము నలుగుచున్నదన్నమాట. చచ్చిపోవుదునను మాట వినబడినను అంతే తొందర కావలెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు మనోవైద్యసహాయము తెలుగులోనే దొరకును.

ఉపాధ్యాయులకు గూడ చూడదగిన గుర్తొకటి గలదు. ఫ్లోరైడు మొదట ముద్ర వేయునది పసితనపు పళ్ళపై. గోధుమరంగు చారలు పడిన పళ్ళు గల పిల్లలు నవ్వు వచ్చినపుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొందురు. మెడ బిగియుటకు ఇంకను ఏండ్లు గలవు.