నేటివిటీ

పోకిరికి పోతే మనోడు. వాంటెడ్‌కు పోతే తురకోడు. రెండూ ఒకటే కథ. 2006లో పూరి జగన్నాథ్ మహేశ్‌బాబుతో తీసిందాన్నే 2009లో ప్రభుదేవా సల్మాన్‌ఖాన్‌తో హిందీలో తీశాడు. రెండింట్లోనూ పెద్ద విలన్ ప్రకాశ్‌రాజే. అయినా ఒక టికెట్ కొంటే మాకు ఒక పేరు, ఇంకో టికెట్ కొంటే ఇంకో పేరు. టికెట్ వెనకాల మతం అచ్చేస్తున్నది ఎవరు?

క్రికెట్ గురించి ఈ మాట మేము కొత్తగా అడగనక్కర లేదు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే 'పుట్టుమచ్చ'లో అడిగేశారు. మేము సినిమా గురించి అడుగుతున్నాం. క్రికెట్ ఏడాదికి నాలుగైదు రోజుల పరీక్ష. సినిమా అట్లా కాదు, చాయ్ తాగినప్పుడల్లా ఉంటది.

ఆర్మూర్‌ది పసుపు బతుకు. తవ్వాలె, ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె, కొమ్ము వేరు మండ వేరు చేసి మార్కెట్‌కు తోలాలె. అక్కడ నడిచే మాటలు వినండి. రైతు, హమాలీ, దలాల్, బాకీ, వసూలు. అన్నీ అరబ్బీ ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. వీటిని తురక మాటలని ఎవరూ అనరు. ధర పలికేటప్పుడు ఆ భాష అందరిదీ. తూకం అయిపోయి, చాయ్ హోటల్లో కూర్చొని, మాట సినిమా మీదికి మళ్లిందా, "ఏం భాయ్, మీ సినిమా ఎట్లుంది?" అంటారు. పగతో అనరు. అడిగేవాడు మాతో కలిసి బడికి పోయినవాడే. కానీ ఆ 'మీ' అన్న అక్షరం చాయ్‌లో పడ్డ ఈగ లెక్క తేలుతది.

ఉర్దూలో ఒకటే మాట, 'హమ్'. అందులో ఎదుటివాడు ఉన్నాడా లేడా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలె. తెలుగు అట్లా వదిలిపెట్టదు. 'మేము' అంటే నువ్వు లేవు, 'మనం' అంటే నువ్వూ ఉన్నావు. రెండు భాషల్లో పుట్టి పెరిగిన మాకు ఈ తేడా వ్యాకరణం కాదు. వాక్యం మొదలుపెట్టే ముందే ఏ గడపలో నిలబడ్డామో తేల్చుకోవాల్సి వస్తుంది. ఈ వ్యాసంలోనూ 'మేము' అనే రాస్తున్నాం, గమనించండి.

మళ్లీ వాంటెడ్ దగ్గరికి వద్దాం. అది రంజాన్ పండుగకు వచ్చింది. మా పిల్లలు కొత్త బట్టలు వేసుకొని, అత్తరు పూసుకొని పోయారు. తెర మీద సల్మాన్ పేరు రాధే. అతను కొట్టిన విలన్ పేరు గనీ భాయ్. పోకిరిలో అతనే అలీ భాయ్. అంటే పండుగ పూట, నమాజు చేసి వచ్చిన మా పిల్లలు, రాధే చేతిలో గనీ భాయ్ దెబ్బలు తింటుంటే ఈలలు వేశారు. ఆ ఈలల్ని ఏ ఖాతాలో రాస్తారు? 'మీ సినిమా' అన్న మిత్రుడు దీనికి జవాబు చెప్పలేదు. మా పెద్దలూ చెప్పలేదు. సినిమాయే హరాం, ఇంక అందులో లెక్కలేమిటని వాళ్ల మాట.

సల్మాన్ పండుగ సినిమాల వెనక తెలుగు ఎంత ఉందో చూడండి. 2014 రంజాన్‌కు వచ్చిన కిక్, మన రవితేజ కిక్కే. 2015 పండుగకు వచ్చిన బజరంగీ భాయిజాన్ కథ విజయేంద్రప్రసాద్‌ది. అంతకు వారం ముందే వచ్చిన బాహుబలి కథా ఆయనదే. ఒకే కలం. మేము సల్మాన్‌ను చూడటానికి పోయి తెలుగు కథ చూసి వస్తున్నాం. అంతకు ముందు తరంలో హిమ్మత్‌వాలా (1983) 'ఊరుకి మొనగాడు'కు రీమేకు. దానికి మాటలు రాసింది ఖాదర్‌ఖాన్. ఇంకా వెనక్కి పోతే మన నాగేశ్వరరావు లైలామజ్నులో (1949) ఖైస్, అనార్కలిలో (1955) సలీం. ఉర్దూ మీడియంలో చదివిన సినారెను సినిమాకు తెచ్చింది రామారావు 'గులేబకావళి కథ' (1962). ఆ బకావళి పువ్వు ఎవరి తోటలోది? ఫార్సీలోంచి ఉర్దూకు, ఉర్దూలోంచి అందరికీ. రీమేకుల పంచాయితీలో అసలు ఏది, నకలు ఏది అని తవ్వుకుంటూ పోతే ఎవరి చేతికీ పట్టా రాదు.

అయితే రీమేకుల్లో మమ్మల్ని నిజంగా నొప్పించే సంగతి వేరే ఉంది. దాని పేరు 'నేటివిటీ'. సినిమావాళ్లు ఎంత తేలిగ్గా వాడతారో ఈ మాటను! హిందీ కథ తెచ్చి, మన నేటివిటీకి తగ్గట్టు మార్చామంటారు. మార్చడం తప్పు కాదు. ఊరు మారితే ఇంటి పేర్లు మారతాయి, కూరలు మారతాయి. మారేటప్పుడు ఏం రాలిపోతుందన్నదే ప్రశ్న.

2009లో త్రీ ఇడియట్స్ వచ్చింది. ముగ్గురు స్నేహితుల్లో ఒకడు ఫర్హాన్ ఖురేషీ. తండ్రి ఇంజనీరు కమ్మంటాడు, కొడుక్కు ఫొటోలు తీయాలని ఉంటుంది. అంతే అతని కష్టం. బాంబు లేదు, పాకిస్తాన్ లేదు, దేశభక్తి పరీక్ష లేదు. మా ఇళ్లల్లోనూ మీ ఇళ్లల్లోనూ రోజూ జరిగే గొడవ. సినిమాకు ఆధారమైన చేతన్ భగత్ నవలలో ఈ పేరు లేదు, సినిమా తీసినవాళ్లు పెట్టుకున్నారు. 2012లో తమిళంలో 'నన్బన్'గా తీసేటప్పటికి ఫర్హాన్ ఖురేషీ వెంకటరామకృష్ణన్ అయ్యాడు. అదే 'స్నేహితుడు'గా మన దగ్గరికి డబ్బింగై వచ్చింది. ఎవరూ కుట్ర చేయలేదు. ఎవరికీ అడ్డం తగలలేదు కూడా. కథకు అతని మతంతో పని లేదు కదా, పేరు ఏదైతే ఏమిటి అంటారు.

మేము చెప్పేదీ అదే. కథకు మా మతంతో పని ఉన్నప్పుడు మమ్మల్ని ఉంచుతారు. షేర్‌ఖాన్‌ను చూడండి. జంజీర్‌లో (1973) ప్రాణ్, నిప్పులాంటి మనిషిలో (1974) సత్యనారాయణ, తూఫాన్‌లో (2013) శ్రీహరి. నలభై ఏళ్లు ఆ పేరు చెక్కుచెదరలేదు. స్నేహం కోసం ప్రాణమిచ్చే పఠాన్‌గా అతను కావాలి. రోజాలో (1992) తుపాకి పట్టినవాడూ కావాలి, పక్కన నమాజు చేసుకుంటూ. ప్రాణమన్నా ఇవ్వాలె, ప్రాణమన్నా తీయాలె. తండ్రితో కొట్లాడి కెమెరా కొనుక్కునే ఖురేషీ మాత్రం నేటివిటీకి సరిపడడు. మాకు షేర్‌ఖాన్ అంటే ఇష్టమే. సత్యనారాయణ గడ్డం, ఆ నడక, ఇప్పటికీ మా ముసలివాళ్లు చేసి చూపిస్తారు. కానీ షేర్‌ఖాన్ లాంటి మనిషి ఆర్మూర్‌లో మాకు ఒక్కడూ తారసపడలేదు. ఫర్హాన్‌లు వీధికి పది మంది ఉన్నారు.

వేరే విధంగా జరగలేదని కాదు. పింక్‌లో (2016) ఉన్న ఫలక్ అలీ తెలుగు వకీల్‌సాబ్‌లో (2021) జరీనా బేగం అయింది, అంజలి వేసింది. ఆమె ముస్లిం కావడం కథకు అవసరం లేదు. అయినా ఉంచారు. ఆకాశం ఊడిపడలేదు, పవన్‌కల్యాణ్ అభిమానులు కుర్చీలు విరగ్గొట్టలేదు. అసలు ఆ సినిమా పేరే రెండు ఉర్దూ మాటలు. అంటే ఇది జనం ఒప్పుకోని విషయం కాదు. తీసేవాళ్లకు తట్టని విషయం.

ఇక్కడ తెలంగాణ మిత్రులకు ఒక మాట. మీకు ఇది అర్థం కావాలి. మన యాసను సినిమా ఏళ్ల తరబడి రౌడీకీ, కమెడియన్‌కూ ఇచ్చింది. హీరోకు ఇయ్యలేదు. అప్పుడు మీకు కోపం వచ్చింది, న్యాయమైన కోపం. 'నాకీ తెల్వద్, నీకీ తెల్వద్' అనే సాయిబు పాత్ర కూడా ఆ పక్కనే నిలబడి నవ్వించింది. మీ కోపంలో అతనికి చోటు దొరికిందా? ఫిదా (2017) వచ్చి బాన్సువాడ భానుమతి మన యాసలో మాట్లాడితే నిజామాబాద్ జిల్లా అంతా మురిసింది. మేమూ మురిశాం, మా ఆడపిల్లలు ఆమె డైలాగులు ఒప్పజెప్పారు. నేటివిటీ రాతి మీద గీత కాదని అప్పుడు తేలింది. అడిగితే జరుగుతుంది.

మా లోపలి సంగతీ దాచం. ఖాన్‌లను లెక్కపెట్టుకొని 'మావాడు' అనుకునే పిచ్చి మాలోనూ ఉంది. యూసుఫ్‌ఖాన్ దిలీప్‌కుమార్‌గా బతకాల్సి వచ్చిన కాలం తరవాత, తమ పేర్లతోనే గెలిచినవాళ్లను చూసి పొంగిపోయాం. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ మహేశ్‌బాబు ఫొటో గోడకు పెట్టుకున్న మా పిల్లవాణ్ణి "నీకు మనోళ్లు దొరకలేదా" అని మందలించే బాబాయి, చాయ్ హోటల్లో 'మీ సినిమా' అనే మిత్రుడు, ఇద్దరూ అచ్చేసే టికెట్ ఒకటే. మణిరత్నం 'బొంబాయి'లో (1995) హిందూ తండ్రిగా వేసింది నాజర్. ఆయన్ను ఎవరు ఎటు లెక్కేస్తారు?

దుబాయ్, మస్కట్ పోయిన మా పిల్లలు చెప్తారు. క్యాంపు గదిలో ఆరుగురు పడుకుంటారు. ఆర్మూర్‌వాడు, కేరళవాడు, పెషావర్‌వాడు. శుక్రవారం ఒకే తెర మీద ఏది దొరికితే అది చూస్తారు. అక్కడ కొట్లాట ఫైట్ బాగుందా లేదా అన్న దాని మీదే. ఇప్పుడు ఇక్కడా ఫోన్లోనే చూస్తున్నారు. అసలూ రీమేకూ పక్కపక్కనే దొరుకుతున్నాయి. ఎవరి పేరు ఎక్కడ మారిందో పదో తరగతి పిల్లవాడు కూడా పట్టేస్తాడు. ఫర్హాన్ ఎటు పోయిండని వాడు అడిగినప్పుడు, నేటివిటీ అని మనం జవాబు చెప్పగలమా?

ఇక పోకిరి గొప్పదా, వాంటెడ్ గొప్పదా అన్న పంచాయితీ ఆర్మూర్‌లో ఇంకా తెగలేదు. మాలో సగం మంది పోకిరి వైపే ఉన్నారు. పాటలు దాంట్లోనే బాగున్నాయట.