ముందుకు చూచుచు తెడ్డు లాగువాడు

ధ్యాన భాగములు: మార్కు 6:45–52, అపొస్తలుల కార్యములు 27:9–44



గోదావరి మీదను, కొల్లేటిలోను పడవ నడుపువారిని చూచిన మనకు, పడవవాడు ఎప్పుడును ముందుకే చూచునని తోచును. గెడ వేయువాడును, పొట్టి తెడ్డుతో నీటిని వెనుకకు త్రోయువాడును తాను పోవలసిన దిక్కునకే ముఖము పెట్టియుందురు. అయితే పడవ అంచులకు తగిలించిన పొడవైన జంట తెడ్లను కూర్చుండి లాగువాని సంగతి వేరు. వాడు ముందుకు పోవుచు వెనుకకు చూచును. వాని వీపు గమ్యము వైపునకును, ముఖము విడిచివచ్చిన ఒడ్డు వైపునకును ఉండును.

ఇందుకు కారణము సులభమైనదే. అంచు మీది ఆధారముపై తెడ్డు మీటవలె తిరుగును. పిడి ఒక ప్రక్కకు పోయినయెడల నీటిలోని పలక ఎదుటి ప్రక్కకు పోవును. మనుష్యునికి త్రోయుటకంటె లాగుటలో బలమెక్కువ. కాళ్లు తన్నిపట్టి, నడుమును వీపును ఉపయోగించి, పిడిని రొమ్ము వైపునకు లాగగా పడవ వాని వీపు వైపునకు సాగును. బలము కావలెనన్న చూపును వదలుకొనవలసినదే.

ఈ దృష్టాంతమును నేను అనేక సంవత్సరములు ప్రసంగ పీఠముమీద వాడితిని. జర్మను దేశపు పాత నిబంధన పండితుడైన హాన్స్ వాల్టర్ వోల్ఫ్ 1973లో వెలువడిన తన గ్రంథములో హెబ్రీయుల కాలభావనను గూర్చి ఈ పోలికనే వాడియున్నాడు. హెబ్రీ భాషలో ‘కెదెం’ అను మాటకు ఎదుట నున్నది అనియు, పూర్వకాలము అనియు అర్థములు కలవు. రాబోవు అంత్యకాలమును తెలుపు ‘అహరీత్’ అను మాట, వెనుక అను అర్థముగల మాటనుండి పుట్టినది. మనము చూడగలిగినది గడిచినదే. రాబోవునది మన వీపు వెనుక నున్నది. పడవ లాగువాడు ఒడ్డున నున్న చెట్టును, దాని వెనుకనున్న గోపురమును ఒకే వరుసలో ఉంచుకొని లాగినయెడల పడవ తిన్నగా పోవును. ఆలాగే ఇశ్రాయేలీయులు దేవుడు తమ్మును నడిపించిన మార్గమంతయు జ్ఞాపకము చేసికొనుచు ముందుకు సాగవలెనని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయము బోధించుచున్నది. సమూయేలు నిలిపిన ఎబెనెజరు రాయియు అట్టి గురుతే.

ఇంతవరకు చెప్పినది సత్యమే. కాని నేను ఇంకొక మాట కలిపితిని. “విశ్వాసి ముందు చూడగోరడు, తిరిగి చూచుట అవిశ్వాసము” అని చెప్పితిని. ఆ మాట చెప్పుటకు సులభముగాను, వినుటకు ఇంపుగాను ఉండెను.

మా సంఘములో ఒక పెద్ద ఉండెను. ప్రార్థనాపరుడు. ఆయనకు కడుపులో నొప్పి మొదలై, నెలలు గడిచినను తగ్గలేదు. వైద్యుడు పరీక్ష చేయించుకొనుమనెను. నేనును వెళ్లుమంటిని. ఆయన నవ్వి, “అయ్యగారూ, పడవ లాగేవాడు ముందుకు చూడడని మీరే చెప్పారు కదండీ. లోపల ఏముందో చూడడం దేనికి? ఆయనే నడిపిస్తాడు” అనెను. నా మాట నాకే ఎదురు వచ్చినప్పుడు నేను గట్టిగా కాదనలేకపోతిని. కొంత సిగ్గు, కొంత గర్వము కూడ నా నోరు మూసినవి. పరీక్ష జరుగునప్పటికి ఆలస్యమైపోయెను. సమాధి కార్యక్రమమైన కొన్ని దినములకు ఆయన భార్య నన్ను ఒక్క ప్రశ్న అడిగెను: “అయ్యగారూ, ముందే చూపించుకొని ఉంటే అది విశ్వాసం లేకపోవడం అయ్యేదా?”

ముందుగా చూచినయెడల ఆయన బ్రదికియుండునో లేదో నేనెరుగను. కాని ఆమె ప్రశ్నకు సంఘము జవాబు చెప్పవలసియున్నది.

ఆ దినములలోనే ఒక పుస్తకములో వింతయైన తెడ్ల పటము చూచితిని. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమందు మిడిల్‌ఫీల్డు అను ఊరివాడైన విలియం లైమన్ అను వేటగాడు 1870ల దశకములో వాటిని తయారుచేసెను. తుపాకికి గురి చూచు పరికరములు చేసినవాడును ఇతడే. నీటి పక్షులను వేటాడువాడు పక్షులవైపు వీపు త్రిప్పి పోయిన ఏమి ప్రయోజనము? అందుచేత అతడు తెడ్డును అంచు దగ్గర రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు వేరు వేరు కీలు పెట్టి, ఆ రెంటిని కలిపి కదలునట్లు ఇనుప అమరికతో జోడించెను. మామూలు తెడ్డులో పిడి ఒకవైపు, పలక ఎదుటివైపు పోవును. ఈ తెడ్డులో రెండును ఒకే వైపునకు పోవును. కనుక ముందుకు ముఖము పెట్టి కూర్చున్నవాడు మునుపటివలెనే రొమ్ము వైపునకు లాగినను, పలక నీటిని వెనుకకు నెట్టి పడవను వాని ముఖము వైపునకే నడిపించును. బలమును పోలేదు, చూపును దక్కెను.

ఆ పటము నన్ను గద్దించెను. వెనుకకు చూచుట పడవ లాగువాని భక్తి కాదు. అది వాని పనిముట్టు పెట్టిన హద్దు. ఆ హద్దులో నమ్మకముగా లాగుట మంచిదే. కాని చూచుటకు మార్గము దొరకినప్పుడు కూడ వీపు త్రిప్పుకొని కూర్చుండి, దానికి విశ్వాసమని పేరు పెట్టుట మంచిది కాదు. మామూలు తెడ్లు లాగువాడు సహితము అప్పుడప్పుడు భుజము మీదుగా తిరిగి చూచును. ఆలాగు చూడనివాడు ఎదురు వచ్చు పడవను గుద్దును. నష్టము వానికి మాత్రమే కాదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును చూడుడి. ఓడలోనున్న 276 మందిలో ఎవరి ప్రాణమునకును హాని కలుగదని దేవుని దూత పౌలునకు చెప్పెను. పౌలు దానిని నమ్మెను. అయినను ఆ రాత్రి నావికులు లోతు కొలిచిరి. మొదట ఇరువది బారలు, పిమ్మట పదునైదు బారలు. రాళ్లకు తగులుదుమని భయపడి అమరమునుండి నాలుగు లంగరులు వేసిరి. పౌలు వారిని అవిశ్వాసులని గద్దింపలేదు. పైగా నావికులు ఓడ విడిచి పారిపోజూచినప్పుడు, వీరు ఓడలో ఉండనియెడల మీరు తప్పించుకొనలేరని శతాధిపతికి తెలిపెను. వాగ్దానమును నమ్మినవాడే లోతు కొలుచు చేతులను కాపాడెను. వైద్యుని పరీక్ష కూడ లోతు కొలుచుటయే గదా?

అయితే దీనికి మరియొక ప్రక్క కలదు. నేడు మనలో కొందరికి ముందు చూపు ఒక దాహమైపోయినది. వీసా వచ్చునా, పెండ్లి కుదురునా, ఏ తేదీన ఉద్యోగము దొరకును అని ప్రవచనము చెప్పువారి యొద్దకు పరుగెత్తుచున్నాము. పంచాంగమును విడిచితిమని చెప్పుకొని, అదే పనికి పరిశుద్ధాత్మ పేరు పెట్టుకొనుచున్నాము. ముందుకు చూపు తెడ్లు సహితము చీకటిలో ఏమియు చూపవు. బండ కనబడినంత మాత్రమున బండ కదలదు; లాగుట మానిన పడవ సాగదు. పైగా కీళ్లు ఎక్కువగుటచేత ఆ తెడ్లకు బరువును, రాపిడియు ఎక్కువ. ముందుకు తిరిగి కూర్చున్నవానికి వెనుక ఒడ్డు మీది గురుతులు కనబడవు. రేపటిని గూర్చియే తలపోయువాడు, నిన్న దేవుడు చేసిన మేలును మరచుట ఈలాగే.

మరి ఏది చూడవలెను, ఏది విడువవలెను? ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయపు చివరి వచనము ఈ గీత గీయుచున్నది. రహస్యములు యెహోవావి, బయలుపరచబడినవి మనవి. దేవుడు వేసిన తెర వేరు, మనము మూసికొన్న కన్ను వేరు. ఎన్ని దినములు బ్రదుకుదుమో అనునది తెర. శరీరములో పెరుగుచున్న గడ్డ, ఇంటిమీది అప్పు, కుమారుని త్రాగుడు, ఇవి తెర వెనుకనున్నవి కావు. వీటిని చూచుటకు భయపడి, “ప్రభువు చూచుకొనును” అనుట ప్రభువు నామమును మన భయమునకు దుప్పటిగా కప్పుటయే.

చివరిగా మార్కు 6వ అధ్యాయమునకు వత్తము. 1986లో కరవువలన గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు గిన్నోసారు దగ్గర బురదలో సుమారు 2000 సంవత్సరముల నాటి పడవ ఒకటి దొరకెను. పొడవు ఇంచుమించు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. శిష్యులు అట్టి పడవలోనే ఆ రాత్రి ఎదురుగాలిలో శ్రమపడి, మూడు మైళ్లకు పైగా లాగిరి. ప్రభువు ఒడ్డున కొండమీద ప్రార్థించుచుండెను. వారు కూర్చుండి తెడ్లు లాగియుండినయెడల, వారి ముఖములు ఆయన నున్న ఒడ్డు వైపునకే ఉండెను. చీకటిలో వారు ఆయనను చూడలేదు. ఆయన వారిని చూచెను. నాలుగవ జామున ఆయన నీళ్లమీద నడచి వచ్చినప్పుడు అందరును ఆయనను చూచిరి.

ఎనిమిదిమంది లాగు పందెపు పడవలో లాగువారందరును వెనుకకు చూతురు. అమరమున కూర్చున్న చుక్కానివాడొక్కడే ముందుకు చూచును. అతనికి దగ్గరగా కూర్చున్నవాని కన్నులు గమ్యమును చూడవు; గమ్యమును చూచుచున్న ముఖమును చూచుచుండును. విశ్వాసము గ్రుడ్డితనము కాదు. మనకు కనబడని దానిని చూచువాని ముఖము చూచుచు లాగుటయే విశ్వాసము. ఆ ముఖము, తిరిగి చూడుమని చెప్పినప్పుడు తిరిగి చూచుటయు విశ్వాసమే.

ఆ సహోదరికి నేను ఈలాగు జవాబు చెప్పితిని: “కాదమ్మా. చూపించుకొనుట అవిశ్వాసము కాకపోవును. ఆయన విశ్వాసములో కొరత లేదు. నా బోధలో కొరత ఉన్నది. నన్ను క్షమించుము.” ఆమె చాలసేపు మౌనముగా ఉండి, “ఈ మాట గుళ్లో అందరికీ చెప్పండి అయ్యగారూ” అనెను.

అందుచేత ఇది వ్రాసితిని. ఈ పత్రిక చదువుచున్నవారిలో ఎవరైనను చూడవలసిన దానిని చూడక వాయిదా వేయుచున్నయెడల, ఈ వారమే లేచి వెళ్లుడి. ప్రార్థన చేసికొని వెళ్లుడి. ఒంటరిగా వెళ్లకుడి, సంఘములో ఒకరిని తోడు తీసికొని వెళ్లుడి. ఏమి కనబడినను, దానిని మీకంటె ముందుగా చూచిన ప్రభువు మీతో ఉండును గాక. ఆమేన్.