ఆటలోని ధర్మము

దేశము యుద్ధమున మునిగియున్నప్పుడు కళాశాలలలోని యువకులు బంతియాట లాడుట తగునా యని పెద్దలు ప్రశ్నించుట కలదు. ఒకవంక సమవయస్కులు రణరంగమున ప్రాణములు ధారవోయుచుండగా, వేరొకవంక వేలకొలది జనులు మైదానము చుట్టును జేరి కరతాళధ్వనులు సేయుట కొందరికి రోతగా దోచుట సహజము. దీనికి ఆటల పక్షమువా రిచ్చు సమాధానము ప్రసిద్ధమే. ఆట కేవలము వినోదము కాదు. నియమమునకు లోబడుట, ఓటమిని సహించుట, తోడివానిని నమ్ముట యను గుణములు దానివలన నలవడును. కష్టకాలమున దేశమును నిలుపునవి యీ గుణములే. ఈ వాదము మాకును సమ్మతమే. కాని యే వాదమునకైనను పరీక్ష యొకటి యుండవలయును గదా! అట్టి పరీక్ష 1941వ సంవత్సరము చివర అమెరికాలో నొక కళాశాల జట్టునకు సంభవించినది.

ఆరెగన్ రాష్ట్రమున కోర్వాలిస్ అను పట్టణము కలదు. నేడు విశ్వవిద్యాలయమైన ఆరెగన్ స్టేట్ కళాశాల అచ్చటనే యున్నది. ఆ దేశపు ఫుట్‌బాల్ మన మెరిగిన కాలిబంతి యాట కాదు; పక్షమునకు పదునొకండుగురు చొప్పున నిలిచి, కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగిడుచు, ఎదిరివారిని నేలగూల్చుచు నాడు మోటైన యాట. ఆ సంవత్సరము పసిఫిక్ తీరపు కళాశాలల పోటీలలో ఈ జట్టు ప్రథమస్థానము నందెను. కాలిఫోర్నియాలోని పాసడీనాలో నూతన సంవత్సరదినమున జరుగు రోజ్ బౌల్ అను ప్రఖ్యాతమైన పోటీ కర్హత పొందెను. ఇంతలో డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరుపై జపాను దాడి జరిగెను. తీరప్రాంతమున అంత జనసమూహము గూడుట అపాయకరమని సైన్యాధికారులు తలచిరి. ఎదిరిపక్షమగు డ్యూక్ విశ్వవిద్యాలయమువారు నార్త్ కరోలినాలోని డర్హాంలో తమ మైదానము నిచ్చిరి. 1942 జనవరి 1వ తేదీన సుమారు 56,000 మంది చూచుచుండగా ఆరెగన్ జట్టు 20–16 లెక్కలతో గెలిచెను.

ఈ గెలుపులో పాలుగొనవలసిన వాడొకడు డర్హాం చేరలేదు. అతడు జాక్ యొషిహరా. జపానులో జన్మించి, పసితనముననే తల్లితో అమెరికా చేరి, అచ్చటనే పెరిగినవాడు. జన్మస్థానమే యతని నేరమయ్యెను. దూరప్రయాణము చేయరాదని ప్రభుత్వపు మనుషులు కట్టడి చేయగా, జట్టు అతనిని విడిచి బయలుదేరెను. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఉత్తరువు వెలువడెను. దాని ఫలముగా జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇండ్లు వాకిళ్లు వీడి నిర్బంధశిబిరముల పాలైరి. వారిలో మూడింట రెండు వంతులు ఆ దేశమున బుట్టిన పౌరులే. యొషిహరా ఐడహోలోని మినిడోకా శిబిరమునకు బోయెను.

ఇప్పుడు విచారింపుడు. డర్హాం మైదానమున ఆట నియమము లన్నియు నమలులో నుండెను. గీత దాటినవానికి దండన కలదు. తప్పుద్రోపునకు ఈల కలదు. కాని అన్నిటికంటె పెద్ద యన్యాయమునకు ఈల యూదువాడు లేడు. ఏలన, అది గీతలకు వెలుపల జరిగినది. లోపలనున్నవారి నడుమ న్యాయము చూచుట నియమము. వెలుపల నిలువబడిన వాడెవడని యడుగుట ధర్మము. మొదటిదానిని మాత్రమే నేర్పిన యాట సగము విద్యయే.

ఇరువదేండ్ల బాలురు ప్రభుత్వాజ్ఞ కెదురేమి చేయగల రని కొంద రనవచ్చును. నిజమే. వారిని నిందించుట మా యుద్దేశము కాదు; వారిలోను పలువురు పిదప సైన్యమున జేరిరి. అయినను భయము ప్రబలిన వేళ తోడివాడు ఒక్క దినమున పరాయివా డగుట యెంత సులభమో యీ కథ తెలుపుచున్నది.

వేరొక త్రోవయు కలదని పదేండ్లకు రుజువయ్యెను. 1951లో, కొరియా యుద్ధకాలమున, శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయపు జట్టు ఆడిన తొమ్మిది పోటీలను గెలిచెను. ఆ జట్టులో ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్ అను నీగ్రోజాతి యువకు లిరువు రుండిరి. వారిని విడిచి వచ్చినచో దక్షిణరాష్ట్రములలోని గొప్ప పోటీకి పిలుపు దొరకునని తెలిసియు జట్టు సమ్మతింపలేదు. పిలుపు రాలేదు, ఆ సంవత్సరముతో ధనము చాలక ఆ విశ్వవిద్యాలయము ఈ యాటనే మానుకొనెను. నష్టము నిజమైనదే. తోడు వచ్చిన కుక్కను విడిచి స్వర్గ మెక్కనన్న ధర్మరాజు మాటలోని బరువు ఇట్టి నష్టమును బట్టియే తెలియును.

1988లో అమెరికా ప్రభుత్వము నిర్బంధితులకు క్షమాపణ చెప్పి, బ్రతికియున్నవారి కొక్కొక్కరికి 20,000 డాలర్ల పరిహారము నిర్ణయించెను. 2008లో ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయము యొషిహరాకు గౌరవపట్ట మొసగెను. ఆలస్యముగ నైనను తప్పు నొప్పుకొనుట మేలే. కాని ఇరువదేండ్ల వయసున నాడవలసిన యాటను ఏ పట్టమును తిరిగి తేజాలదు.

కనుక బిడ్డ సాయంకాలము గెలిచి యింటికి వచ్చినప్పుడు, ఎన్ని లెక్కలతో గెలిచితి వని యడుగుడు, తప్పులేదు. వెంటనే, నేడు ఎవరిని ఆడనీయలే దనియు అడుగుడు.