వయఃపరిమితి ఎవరికి?

శరీరదార్ఢ్యం అవసరమైన ఉద్యోగంలో చేరడానికి వయసు హద్దు పెట్టడం న్యాయమా? మన రాజ్యాంగం దీనికి సూటిగా జవాబు చెప్పదు. మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం కారణంగా ప్రభుత్వోద్యోగాల్లో వివక్ష చూపరాదని 16వ అధికరణం శాసిస్తుంది. ఆ పట్టికలో వయసు లేదు.

కడప జిల్లానే తీసుకుందాం. జమ్మలమడుగు ప్రాంతపు నాపరాతి గనుల్లో బండలెత్తే మనిషిని నీ వయసెంతని ఎవరూ అడగరు. ప్రొద్దుటూరు మగ్గం గుంతలో కూర్చున్న నేతగాణ్ణి, పులివెందుల చీనీతోటల్లో కాయలు మోసే కూలీని అడగరు. ఒళ్లు సహకరించినన్నాళ్లూ చేస్తారు. ఈ ఊళ్ల యువకుడే కానిస్టేబులు కావాలంటే మాత్రం హద్దు ఎదురవుతుంది. 2022 నోటిఫికేషన్‌లో సాధారణ అభ్యర్థికి అది 24 ఏళ్లు. వెనుకబడిన, షెడ్యూల్డు వర్గాలకు మరో అయిదేళ్లు. కాయకష్టానికి లేని హద్దు, నెలజీతం ఉన్నచోట వెలిసింది!

దేహబలం కోసమే ఈ నియమమంటారు. అలాగైతే 1600 మీటర్ల పరుగుపరీక్ష ఎందుకు? స్పెయిన్‌లోని ఒవియెదో పురపాలక పోలీసులకు పెట్టిన 30 ఏళ్ల హద్దు చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. బలాన్ని పరీక్షే తేలుస్తుందన్నది ఆ తీర్పులోని తర్కం. అదే న్యాయస్థానం 2016లో బాస్క్ పోలీసులకు 35 ఏళ్ల హద్దును అంగీకరించింది. దళమంతా ముసలిదైపోతే శాంతిభద్రతలు ఎవరు కాపాడతారన్న ఈ వాదనను మనం తేలికగా తోసిపుచ్చలేం.

కాని ఆ వాదన నిలబడాలంటే కొత్తవారిని క్రమం తప్పకుండా తీసుకోవాలి. మన రాష్ట్రంలో 2018 తర్వాత కానిస్టేబుళ్ల నోటిఫికేషన్ మళ్లీ 2022లోనే వచ్చింది. నాలుగేళ్ల జాప్యానికి ప్రభుత్వం ఇచ్చిన సడలింపు రెండేళ్లు. తుది ఫలితాలు వెలువడింది 2025లో. దళం యౌవనం గురించి బెంగపడిన ప్రభుత్వమే, ఎంపిక కానున్నవారికి మూడేళ్ల వయసు పెంచింది!

ఈ కాలయాపన అందరినీ ఒక్కలా బాధించదు. ఇంట్లో తిండికి లోటులేనివాడు చదువుకుంటూ ఎదురుచూస్తాడు. పద్దెనిమిదో ఏటనే కూలికి వెళ్లి సంసారం మోసినవాడు పరీక్ష దాకా వచ్చేసరికి హద్దు దాటిపోతుంది.

వయసు హద్దు ఉండాలంటే ప్రభుత్వానికీ గడువు ఉండాలి. నియామకాలు జరపని ప్రతి ఏడాదినీ అభ్యర్థి వయసులోంచి తీసివేయాలి. అంతవరకూ ఈ నియమం, పాలకుల జాప్యానికి పేదవాడు కట్టే జరిమానాయే.