తురకముల్లు

మా ఇంట్లో రష్యన్ పుస్తకాలు రెండు భాషల్లో ఉండేవి. అబ్బా ఉర్దూ మీడియం టీచరు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వనపర్తికి వచ్చినప్పుడు తెలుగువి కొనేవాడు. హైదరాబాద్ పోయినప్పుడు ఉర్దూవి తెచ్చేవాడు. రెండూ మాస్కోలో అచ్చయినవే. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి వాళ్ళు ఆ ఊళ్ళో కూచుని తెలుగు చేశారు. జోయ్ అన్సారీ అక్కడే కూచుని ఉర్దూ చేశాడు. గోగోల్ గుమాస్తా అకాకీ ఓవర్‌కోటు కోసం కడుపు కట్టుకోవడం, చెహోవ్ బండివాడు కొడుకు చావును చివరికి గుర్రానికి చెప్పుకోవడం, ఇవన్నీ నేను తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చదువుకుని ఏడ్చినవే. వాళ్ళు పరాయి దేశం వాళ్ళని ఒక్కసారీ అనిపించలేదు.

1991 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ కూలింది. పుస్తకాలు రావడం ఆగింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చారు. నేనప్పుడు ఏడో తరగతి. బడి మళ్ళీ తెరిచిన రోజు, అప్పటిదాకా నన్ను పేరు పెట్టి పిలిచిన దోస్తు ఒకడు ‘మీవాళ్ళు ఏమంటున్నరురా?’ అని అడిగాడు. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని. నాకిప్పుడు నలభై దాటి చాలా ఏళ్ళయింది. పత్రికలో పనిచేస్తూ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంతా తిరిగాను. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడా నన్ను వదల్లేదు.

ఆ ప్రశ్నకు ఒక మనిషి చెప్పిన జవాబు నాకు టాల్‌స్టాయ్ దగ్గర దొరికింది. ‘హాజీ మురాద్’ నవలిక. 1896 నుంచి 1904 దాకా రాస్తూ, దిద్దుతూ బతికుండగా అచ్చు వేయకుండా వదిలేశాడు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1912లో బయటికొచ్చింది. కాకసస్ కొండల్లో రష్యన్ చక్రవర్తి మీద పోరాడుతున్న ఇమాం షామిల్ దగ్గర హాజీ మురాద్ పెద్ద సర్దారు. షామిల్‌తో చెడి 1851లో రష్యన్ల దగ్గరికి వచ్చేశాడు. తల్లి, భార్యలు, కొడుకు షామిల్ చేతిలో చిక్కిపోయారు. వాళ్ళను విడిపించండి, తర్వాత మీ కోసం ప్రాణమిస్తానంటాడు. రష్యన్లు చూద్దాం, చేద్దాం అంటారు. విందులకు పిలుస్తారు. మా విందు నచ్చిందా అని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒకటే: మా దగ్గర ఇట్లా ఉండదు. మంచిదో చెడ్డదో చెప్పడు. ఒక భోజనంలో పులావు వడ్డిస్తే, ఇంటావిడ ఎక్కడ నుంచి వడ్డించుకుందో సరిగ్గా అక్కడ నుంచే తీసుకుంటాడు. విషం పెడతామని భయమేమో అనుకుంటారు రష్యన్లు. ఆ పళ్ళెం దగ్గర కూచున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. పెళ్ళిలోనో సభలోనో పక్కవాడు ‘ఇదొచ్చి వెజ్జే, మీరు తినొచ్చు’ అని నవ్వుతూ అంటాడు చూడండి, అప్పుడు.

ఇక్కడే నాకొక ఇబ్బంది. మా బతుకు మేమే రాసుకోవాలన్నది మా తరం నేర్చుకున్న మొదటి పాఠం. స్కైబాబ సంకలనం ‘జల్ జలా’ 1998లో వచ్చిందంటే ఆ పట్టుదల మీదే వచ్చింది. తెలుగు కథల్లో, సినిమాల్లో మేం ఎవరం? కబాబులమ్మేవాళ్ళం, హీరో కోసం చచ్చిపోయే జిగ్రీ దోస్తులం. ఇప్పటికీ నేను ఆ మాట మీదే ఉన్నాను. మరి ఆ కొండ ఊళ్ళను తగలబెట్టిన సైన్యంలోనే పనిచేసిన ఒక రష్యన్ జమీందారు, వజూ చేసుకుని నమాజుకు నిలబడ్డ మనిషిని ఇంత నిజంగా ఎట్లా రాశాడు?

దొస్తోయెవ్‌స్కీతో పోల్చి చూస్తే కొంత అర్థమవుతుంది. ఆయన 1850 నుంచి 1854 దాకా సైబీరియాలో ఓంస్క్ జైల్లో ఉన్నాడు. ఆ అనుభవంతో రాసిన పుస్తకంలో అలేయ్ అనే దాగెస్తాన్ కుర్రాడు వస్తాడు. వెన్నలాంటి పిల్లగాడు. అతనికి కథకుడు బైబిల్ కొత్త నిబంధన పెట్టి రష్యన్ చదవడం నేర్పిస్తాడు. శత్రువునైనా ప్రేమించమన్న చోట పిల్లవాడి మొహం వెలిగిపోతుంది. అన్నలూ వచ్చి, అవును, ఈసా ప్రవక్త, మట్టి పిట్టకు ప్రాణం పోశాడని తల ఊపుతారు. చదివిన ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి. ఆ తర్వాత చిన్న అనుమానం మొదలవుతుంది. అలేయ్ మా పుస్తకం చదువుతూ వెలిగిపోయుంటే ఇంత ముద్దొచ్చేవాడా? ఇదే రచయిత 1870ల్లో తన ‘రచయిత డైరీ’లో కాన్‌స్టాంటినోపుల్ రష్యాది కావాలని రాశాడు. ఒక్క ముస్లింని కొడుకులా ప్రేమించడానికి, వాళ్ళందరి మీదా ఆ పట్టు పట్టడానికి మనిషి గుండెలో చోటుంటుంది. నేనూ చాలాకాలం అలేయ్‌లా ఉందామనే చూశాను. ఒక సాహిత్య సభలో ‘సాయిబు అయ్యుండి ఎంత మంచి తెలుగు రాస్తాడు’ అని నన్ను పరిచయం చేస్తే చేతులు జోడించి నవ్వాను.

రుజువు అడిగించుకోవడం పాలమూరు వాళ్ళకు కొత్త కాదనుకోండి. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, మన గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి చూపించాడు. గొప్ప పనే. కానీ అడిగినవాడు ఏ రుజువూ లేకుండా కవుల దేశం వాడైపోయాడు, మనం 354 పేర్లు వెతకాల్సి వచ్చింది. అదే నేల మీద ఇప్పుడు మా వంతు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలాక ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కోర్టులో నిర్దోషులుగా తేలినవాళ్ళకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, దాంతోపాటు నడవడి మంచిదని సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. ఆ సర్టిఫికెట్ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు హాజీ మురాద్ చుట్టూ తిప్పిన రష్యన్ కాపలా గుర్తొస్తుంది. మర్యాదకు మర్యాద, పహరాకు పహరా.

టాల్‌స్టాయ్ ఆయన్ని మంచి ముస్లింగా రాయలేదు, మనిషిగా రాశాడు. పగ ఉంది, గర్వం ఉంది, చేతికి రక్తం ఉంది. అట్లాగే అవ్‌దేయెవ్ అనే రష్యన్ సిపాయినీ రాశాడు. పిల్లలున్న అన్న బదులు తాను పటాలంలో చేరిన రైతుబిడ్డ. ఒక చిన్న కాల్పుల్లో చచ్చిపోతాడు. ఊళ్ళో ముసలి తండ్రి ధాన్యం నూరుస్తూ పెద్దవాడి కంటే చిన్నవాడే పనిమంతుడని వాణ్ణే తల్చుకుంటాడు. నాకు మా పాలమూరు లేబర్ గుర్తొచ్చింది. ఎక్కడెక్కడో డ్యాములు కట్టి అక్కడే పోయినవాళ్ళు.

పదిహేడో అధ్యాయం మాత్రం సెక్యులర్ మిత్రులు ఆగి చదవాలి. రష్యన్ సైన్యం ఒక ఊరిమీద పడిపోతుంది. సాదో, అంటే మొదట్లో హాజీ మురాద్‌కు ఇంట్లో చోటిచ్చిన రైతు, తిరిగొచ్చేసరికి ఇల్లు కూలి ఉంటుంది, కొడుకును వీపులో బాయినెట్‌తో పొడిచి చంపి ఉంటారు. తేనెపట్టుల పెట్టెలు కాల్చారు, చెట్లు విరిచారు, నీటి ఊటనూ మసీదునూ మలినం చేశారు. ఊరి పెద్దలు కూచుని ఆలోచించి చివరికి షామిల్‌కే కబురు పంపుతారు, సాయం చెయ్యమని. షామిల్ అంటే వాళ్ళకు ప్రేమేం లేదు, భయమే. ‘చదువుకున్న మీరు కూడా ముల్లాల వెనక ఎందుకు పోతారు’ అని నన్ను అడిగే మిత్రులకు ఇంతకంటే వివరంగా నేను చెప్పలేను.

అయితే షామిల్‌ను టాల్‌స్టాయ్ వదిలిపెట్టలేదు. తండ్రి తిరిగి రాకపోతే కళ్ళు పీకిస్తానని ఆ కొడుకును బెదిరిస్తాడు షామిల్. జార్ నికొలాయ్ ఎంత కఠినుడో ఇమామూ అంతే. మనలో ఈ మాట అనేవాళ్ళు తక్కువ, ఎందుకంటే అన్న మరుక్షణం అవతలివాడు ఎత్తుకుపోతాడు. హాజీ మురాద్ కథంతా ఇదే కదా. షామిల్ గురించి ఆయన చెప్పిందంతా రష్యన్లు కాగితం మీద రాసుకున్నారు. కుటుంబం మాత్రం రాలేదు. ఇక తనే పోయి తెచ్చుకుందామని తప్పించుకుంటే 1852లో వెంటాడి చంపారు. తల నరికినవాడు రష్యన్ కాదు, ఒకప్పటి దోస్తు హాజీ ఆగా.

2017లో మూడు తలాఖ్‌ల కేసు సుప్రీం కోర్టులో నడుస్తున్నప్పుడు నేనొక వ్యాసం రాశాను. మా చుట్టాల్లో ఒక చెల్లె సంగతి, ఆమెను అడిగే రాశాను. ఒకేసారి మూడుమాట్లు అని పంపించేస్తే నాగర్‌కర్నూల్‌లో బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతున్నది. వ్యాసం సంగతి విన్న ఒక పెద్దమనిషి, మా మీద ఏనాడూ మంచిమాట అననివాడు, ఎప్పుడిస్తారని రెండుసార్లు ఫోను చేశాడు. ఆ తొందర చూసి నాకు వణుకొచ్చింది. మసీదు కాడ మరో పెద్దాయన భుజం మీద చెయ్యేసి, ‘రాసింది ఝూట్ అంటలేను బేటా, ఇది వఖ్తు కాదు’ అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట విన్నట్టో నాకే తెలియదు. వేయలేదు. ఆ ఆగస్టు 22న తీర్పు వచ్చింది, 2019లో చట్టం వచ్చింది. కాగితాలు సొరుగులో ఉన్నాయి.

నవలిక మొదట్లో ఒక ముళ్ళమొక్క ఉంటుంది. ఆ పక్క జనం దాన్ని ‘తతార్’ అంటారట, కోతగాళ్ళు ముళ్ళకు జడిసి వదిలేస్తారట. మన దగ్గరా తురకవేప ఉంది. వేపకు ఆ పేరెందుకొచ్చిందని చిన్నప్పుడు అబ్బాను అడిగితే, ‘వేపలాగే ఉండి వేప కానిదానికి ఆ పేరు పెడతారు’ అన్నాడు నవ్వుతూ.

పోయిన బక్రీదుకు ఆ చెల్లె ఇంటికొచ్చింది. పెద్దపిల్ల ఇంటర్ పాసైందని చెప్పింది. చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ, మాటల్లో మాటగా అడిగింది: ‘నా సంగతి రాస్తనంటివి గద భాయీ. రాసినవా?’