బందెలదొడ్డి ఎవరిది?

ఊరి ఆస్తికి కాపలా ఉన్నవాడికి దాన్ని అమ్మే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? పురపాలక సంఘం రెవెన్యూ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వేలంపాటలు దగ్గరుండి జరిపించాను. అయినా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

తుక్కు సామాను సంగతిలో నాకు సందేహం లేదు. ఇంజిను పోయిన చెత్త ట్రాక్టరు, తుప్పుపట్టిన నీటి పైపులు, గాలివానకు కూలిన చింతచెట్టు ఉంచినకొద్దీ విలువ పోయేవే. పనికిరావని ఇంజినీరు రాస్తాడు. సర్కారీ పాట, అంటే కనీస ధర, నిర్ణయిస్తారు, దండోరా వేయిస్తారు. పాడదలచినవాళ్లు ధరావతు కట్టి ఆఫీసు ఆవరణలో చేరతారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కౌన్సిల్ ఆమోదించాక సరుకు లారీ ఎక్కుతుంది. పదిమంది సొమ్ము పదిమంది కళ్లెదుటే చేతులు మారాలి, అంతే. పాటగాళ్లు ముందే కూడబలుక్కోకుండా చూసుకోవడమే మాకు పెద్ద పరీక్ష.

నేల దగ్గరికి వచ్చేసరికి ఈ న్యాయం నాకు చాలదనిపిస్తుంది. మా ఊళ్లో బందెలదొడ్డి ఉండేది. చేలో పడి మేసిన పశువులను తోలుకొచ్చి అందులో పెట్టేవారు. జరిమానా కట్టి విడిపించుకోవాలి. 1871 నాటి చట్టం ప్రకారం నడిచిన ఏర్పాటది. చుట్టూ రాతిగోడ, లోపల నీళ్ల తొట్టి, ఒక కానుగచెట్టు. పొలాలు ప్లాట్లయి పశువులు తగ్గిపోయాక ఆ జాగా అవసరం లేనిదిగా ఫైలుకెక్కింది. వేలం సక్రమంగానే జరిగింది, ధర సర్కారీ పాటను బాగా దాటింది. వచ్చిన సొమ్ము సాధారణ నిధిలో పడి పాత బిల్లుల బకాయిలకు చెల్లిపోయింది. ఇప్పుడక్కడ దుకాణాల భవనం ఉంది. ఆ వార్డు అంగన్‌వాడీ మాత్రం గాలి ఆడని అద్దె గదిలో నడుస్తోంది. నియమాలన్నీ పాటించిన ఆ అమ్మకంలో అమ్మిందెవరో నాకు అంతుబట్టదు. ఆ పిల్లల తరఫున సంతకం పెట్టింది ఎవరు?

సొంతం కానిదాన్ని అమ్మడాన్ని మన ధర్మశాస్త్రాలు అస్వామి విక్రయం అన్నాయి. మనువు చెప్పిన పద్దెనిమిది వివాదపదాల్లో అదొకటి. అంతకన్నా లోతైన చర్చ జైమిని మీమాంస ఆరో అధ్యాయంలో ఉంది. విశ్వజిత్ యాగం చేసేవాడు తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చేయాలి. మరి ఆ యాగం చేసేవాడు రాజైతే, తాను ఏలే భూమిని కూడా ఇచ్చేయవచ్చా? కూడదన్నారు మీమాంసకులు. భూమి అందరికీ సమానమన్నదే వాళ్లు చూపిన కారణం. పద్నాలుగో శతాబ్దంలో, విజయనగరం నాటి మాధవాచార్యులు జైమినీయ న్యాయమాలలో ఇదే తేల్చారు: రాజ్యమంటే కాపాడటం, కాపాడినంత మాత్రాన నేల రాజుకు సొంతమైపోదు. అన్నిటికన్నా పవిత్రమని నమ్మిన యజ్ఞం కోసం రాజు ఇవ్వకూడనిదాన్ని, బకాయిలు తీర్చుకోవడానికి అయిదేళ్ల పాలకమండలి అమ్మవచ్చా?

రాజులు అగ్రహారాలు దానం చేశారు కదా అని అడిగేవారున్నారు. చాలాచోట్ల వాళ్లు ఇచ్చింది ఊరి మీద తమకు రావలసిన రాబడినే. అయినా ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తోసెయ్యను. ఒక మనిషి తన పొలాన్ని ఇచ్చుకోవడాన్ని మీమాంసకులూ కాదనలేదు. వాళ్లు అడ్డుకున్నది ఉమ్మడి నేలను.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వేరే దారిన దాదాపు ఇక్కడికే వచ్చింది. పంజాబ్‌లోని రోహర్ జాగీర్ గ్రామ చెరువును కొందరు పూడ్చి ఇళ్లు కట్టుకున్న వ్యవహారమది. ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించి, ఊరి ఉమ్మడి భూములను ఊరికే అప్పగించే ఏర్పాటు చేయాలని కోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. భూమిలేని కూలీలకు ఇచ్చిన చోట, బడి, వైద్యశాల ఉన్నచోట మినహాయింపు ఉండవచ్చంది. ఈ మినహాయింపు నాకు ఎంతో సబబుగా తోస్తుంది. భూమి అందరిదీ అయినప్పుడు, నిలవడానికి జానెడు చోటు లేనివాడికి ఇంటిపట్టా ఇస్తే అది అతని వాటా అతనికి చేర్చడమే. వేలంలో ఆ వాటా లెక్కలోకే రాదు. 2023 ఆగస్టులో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేట ఎకరం 100 కోట్లు దాటింది. అలాంటి అంకె వినపడ్డాక ఆ నేల రేపు ఎవరికి కావాలన్న మాట ఎత్తేవాళ్లే ఉండరు.

మురుగు కాలువ లేని వీధికి డబ్బెక్కడ తేవాలని కౌన్సిలర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఆ వాసనలో బతికేదీ పేదవాళ్లే. అందుకే ఖాళీ జాగాలను ఊరికే వదిలెయ్యమని అనను. లీజుకివ్వండి, అద్దె పెంచండి, ఆ రాబడిని కాలువకే ఖర్చు పెట్టండి. తప్పనిసరై అమ్మవలసి వస్తే ముందు ఆ వార్డు జనాన్ని కూర్చోబెట్టి అడగండి, వచ్చిన సొమ్ముతో అదే వార్డులో మరో జాగా కొనండి. పాత బిల్లులకు మాత్రం ఆ సొమ్ము ముట్టకండి.